పరాయి మొగ్గకు కట్టిన దారం

అక్టోబరు 8, బుధవారం

ఈ రోజు కోపం మీద ఉన్నాను. ప్రేమలత మెల్లగా చెప్పమంటోంది. ఇది మెల్లగా చెప్పే రోజు కాదు.

పత్తి చేలల్లో కూలీల గుంపు నడిపినన్నాళ్ళు రోజుకొక పేజీ రాయించేదాన్ని. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఏ చేను, ఎన్ని సాళ్ళు. మోకాళ్ళు అరిగిపోయి రెండేళ్ళయింది. గుంపు లేదు. పేజీ మాత్రం ఆపలేదు. ఇది ఎవరికీ చూపించేది కాదు. నేను చెప్తాను, నా కోడలు ప్రేమలత రాస్తుంది. నా మాటను పుస్తకం మాటగా దిద్ది రాస్తుంది, పదో తరగతి చదివిన గర్వం. ఎవరేమన్నారో మాత్రం అన్నది అన్నట్టే రాయమని చెప్పాను.

పొద్దున అర్చన ఫోన్ చేసింది, వనపర్తి హాస్టలు నుంచి. నా మనవరాలు ఊరికే ఏడ్చే పిల్ల కాదు. ఏడ్చింది.

"అవ్వా, నా పేజీలన్నీ తనవే అంటుందవ్వా సుహాసిని. మేడంకు చెప్పింది. మేడం శనివారం ఇంటోళ్ళను తోలుకరమ్మన్నది."

"ఏ సుహాసిని?"

"మన ఊరామెనే. భీమన్న పటేలు మనవరాలు."

భీమన్న పటేలు. మా గట్టు ఊళ్ళో సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పత్తి, వేసేవాళ్ళలో పెద్ద చేను ఆయనదే. ఇరవై రెండేళ్ళు ఆ చేలో మొగ్గలు గిల్లి క్రాసింగు చేశాను. నా నడుము ఆ చేలోనే ఉంది ఇంకా.

కాలేజీలో ముగ్గురికి కలిపి ఒక పని ఇచ్చారు. సీడ్ పత్తి చేలల్లో ఆడవాళ్ళ పని గురించి తెలుసుకుని రాయాలి. మా పనే. బాగుంటే హైదరాబాదులో పెద్ద సభలో చదివిస్తారట. ఆ ముగ్గురు అర్చన, ఈ సుహాసిని, ఆత్మకూరు నుంచి వచ్చే నాగేశ్. దానికోసం ఫోన్లో ఒక నోట్‌బుక్కు పెట్టుకున్నారు. ఇంటర్నెట్లో పనికొచ్చే ముక్క కనబడితే కత్తిరించి అందులో అతికిస్తారు. రాత కావచ్చు, ఫొటో కావచ్చు, రికార్డు చేసిన గొంతు కావచ్చు. క్లిప్పు అంటారు. ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ముగ్గురూ ఒకే నోట్‌బుక్కులో అతికించవచ్చు.

దసరాకు వచ్చినప్పుడు అర్చన చూపించింది. నాకు అక్షరం రాదు. అయినా ఒకటి చూడగానే అర్థమైంది. ప్రతి ముక్క పక్కన ఒక రంగు గీత ఉంది. పెట్టినవాళ్ళ రంగు అది. అర్చనది ఆకుపచ్చ. వేలితో పేజీలు తోసుకుంటూ పోయింది. ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ. మధ్యలో నాలుగు నీలం.

"ఈ నీలం ఎవరిదే?"

"నాగేశ్‌ది."

"ఇంకో పిల్లది?"

అప్పటికే అర్చన ఫోన్ పక్కన పెట్టి అన్నానికి లేచింది.

రంగు అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నా గుంపులో పదకొండు మంది, పదకొండు రంగుల దారాలు. రేపు విచ్చుకునే మొగ్గను ఈ సాయంత్రమే గోటితో చీల్చి, పుప్పొడి తీసేసి, ఎవరి దారం వాళ్ళు కట్టేవాళ్ళం. తెల్లవారి మగ పువ్వు తెచ్చి రుద్దేవాళ్ళం. నెల తర్వాత కాయ నిలిచినా రాలినా దారం చూస్తే చేయి ఎవరిదో తెలిసేది. చదువు లేని పదకొండు మందికి అదే సంతకం.

ఆ నోట్‌బుక్కు నిండా నా మనవరాలి దారం ఉంది. పటేలు మనవరాలి దారం లేదు. ఇంక మాట్లాడేదేముంది?

శనివారం నేనే పోతాను.


అక్టోబరు 9, గురువారం

ఆధార్ కార్డు దొరికింది. బియ్యం డబ్బాలో ఉంది.


అక్టోబరు 11, శనివారం

గట్టు నుంచి గద్వాల, గద్వాల నుంచి పెబ్బేరు, పెబ్బేరు నుంచి వనపర్తి. మూడు బస్సులు, మూడు జీరో టికెట్లు, ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు ఊరికే. బీచుపల్లి వంతెన మీద బస్సులో అందరూ కృష్ణకు దండం పెట్టారు. నేను పెట్టలేదు. రెండు చేతులూ కర్ర మీద ఉన్నాయి.

ఉమారాణి మేడం చిన్న వయసుది. బల్ల మీద కాగితాల కట్టలు, వాటి మీద చల్లారిన టీ. మూడు కుర్చీలు. నన్ను ఒకదాంట్లో కూర్చోబెట్టింది. అర్చన నా వెనుక నిలబడింది. సుహాసిని ఒక్కతే వచ్చింది, ఇంట్లోవాళ్ళు ఎవరూ రాలేదు. సన్నగా, పుల్లలాగా ఉంది. నాగేశ్ కిటికీకి ఆనుకుని పళ్ళు ఇకిలిస్తున్నాడు.

"పెద్దమ్మా, చిన్న విషయమే. పిల్లలు వాళ్ళల్ల వాళ్ళు మాట్లాడుకుంటే అయిపోవు," అన్నది మేడం.

"చిన్నదైతే నన్నెందుకు పిలిస్తివి మేడం? నా మోకాళ్ళు చిన్నయి గావు."

నాగేశ్ కిసుక్కుమన్నాడు.

మేడం కంప్యూటరు నా వైపు తిప్పింది. అదే నోట్‌బుక్కు.

"గీ పచ్చ రంగు ఎవరిది మేడం?"

"అర్చనది."

"గా పిల్ల రంగేది?"

"నారింజ."

"యాడుందో సూపియ్యి."

మేడం పైకి పోయింది, కిందికి పోయింది. రెండు దొరికాయి. రెండే.

"మేడం, పాత నోట్‌బుక్కుల అన్ని నా రంగులనే ఉండె," అన్నది సుహాసిని. "కొత్త దాంట్లకు మార్చినంక గిట్లయింది."

"అయితే పాతది తెరువు."

"లేదు మేడం. జాగ నిండిందని అర్చన తీసేసింది."

మేడం అర్చనను చూసింది. అర్చన నోరు తెరవబోయింది. ఏడుస్తుందేమోనని నేనే అందుకున్నాను. నా పిల్ల వాళ్ళ ముందు ఏడవకూడదు.

"సూడు బిడ్డా," అన్నాను ఆ పిల్లతో. "పాతది లేదు, ఉన్నది లేదు. నువ్వు ఎన్నడన్న చేన్లకు దిగినవా? మొగ్గ ఏ యాళ్లకు గిల్లుతరో చెప్పు."

"నాలుగు గంటలకు మొదలు పెడ్తరవ్వా. రేపు ఇచ్చుకునే మొగ్గయితే కొస జర తెల్లగుంటది. గట్టిగ గిల్లితే లోపటి కాడ ఇరుగుతది. ఇరిగితే ‘తల్లి పోయింది’ అంటరు."

తల్లి పోయింది అనేది మా ఆడవాళ్ళ మాట. పుస్తకాల్లో ఉండదు. కర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాను. తర్వాత అర్థమైంది, అర్చన పేజీలు చదివి బట్టీ పట్టింది. అంతే. అంతకంటే ఏమీ లేదు.

"మా పిల్ల రాసింది సదివి మాకే అప్పజెప్తున్నవా? మీ తాతకు మా చేతులు కావాలె. నీకు మా పేజీలు గుడ కావాలె. ఇంటిల్లిపాదికి సిగ్గు లేదా?"

ఆ మాట నాకు బాగా నచ్చింది. తిరిగి బస్సులో వస్తూ కూడా రెండుసార్లు అనుకున్నాను.

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇది మా సొంత పని అని పిల్లలు సంతకం పెట్టాలట. ముప్పై ఒకటో తేదీకి పేర్లు హైదరాబాదు పోవాలట. "కనబడేదాన్ని బట్టి పోవాలె గద," అని సుహాసిని పేరు మీద గీత గీసింది.

ఆ పిల్ల ఏడవలేదు. ఫోన్ సంచిలో పెట్టుకుంది. జిప్పు పట్టుకుపోయింది. రెండుసార్లు గుంజి, వదిలేసి, తెరిచిన సంచితోనే వెళ్ళిపోయింది.

బస్టాండులో అర్చన నాకు టీ ఇప్పించింది.

"ఎందుకొచ్చినవవ్వా?" అన్నది.

"నీకోసమేనే."

తన టీ సగం తాగి పారబోసింది. అలసిపోయి ఉంటుంది.


అక్టోబరు 12, ఆదివారం

ప్రేమలత ప్రార్థనకు పోయి వచ్చాక రాయిస్తున్నాను. బాగా నిద్రపట్టింది. న్యాయం చేసి వచ్చినవాళ్ళకు నిద్ర పడుతుంది.

రంగమ్మ గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కింద నా గుంపులో ఉండేది. ఒక సాయంత్రం నేను గిల్లిన మొగ్గలకు తన దారం కట్టింది, ఒక సాలు పొడుగునా. మా పనిలో దానికంటే రోత లేదు. సీజను మధ్యలో, అందరి ముందు, చేతిలోని దారపు ఉండ లాక్కుని పంపించాను. ఇప్పుడు భీమన్న చేలో గుంపు ఆమెదే. మా ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే ఆమె తల దించుకుని పోతుంది. దించుకోవాలి.

ఆ రోజు నేను వెనక్కి తగ్గలేదు. నిన్నా తగ్గలేదు.


అక్టోబరు 14, మంగళవారం

ప్రేమలత రేషను దుకాణం దగ్గర విని వచ్చింది. సుహాసినిని కాలేజీ మాన్పించాడట భీమన్న. "కూలోళ్ళ నోట్ల పడి మాటలు తినే సదువు మనకొద్దు," అన్నాడట.

మంచిదే అన్నాను.

ప్రేమలత పెన్ను ఆగింది. రాయి అన్నాను. రాసింది.


అక్టోబరు 16, గురువారం

మధ్యాహ్నం మోకాళ్ళకు నూనె పట్టించుకుంటూ కూర్చున్నాను. పొద్దు పోలేదు. అర్చన నోట్‌బుక్కు ప్రేమలత ఫోన్లో కూడా తెరుచుకుంటుంది, దసరాకు వచ్చినప్పుడు పెట్టి పోయింది. అందులో మన ఆడవాళ్ళ గొంతులున్నాయి. ఆ రోజు అర్చన ఒక పాట ముక్క వినిపించి వెంటనే ఆపేసింది. ఈ రోజు మొదటి నుంచి పెట్టమన్నాను.

మొదట గాలి చప్పుడు. తర్వాత రంగమ్మ. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ గొంతు నా ఒళ్ళో కూర్చున్నట్టుంది.

"సుమ్నె కూసో బిడ్డా, గట్టు మీద కూసో, బట్టలకు బురదైతది." ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు. ఊరికే అనడానికి ఆమెకు సుమ్నె అనే వస్తుంది.

"ఏం గాదులే అవ్వా. నడుము ఎప్పటి సంది నొస్తుంది నీకు?"

ఇది అర్చన గొంతు కాదు.

"ఎప్పటి సందో యాదికి లేదు. నొయ్యని దినం యాదికుంది, అడుగు."

ఆడవాళ్ళ నవ్వులు. అడిగిన పిల్లా నవ్వింది. సన్నటి గొంతు, మాట చివర కొంచెం ఆగుతుంది. ఆ గొంతు నేను వనపర్తిలో విన్నాను.

"ఎన్మిది దినాల సంది వస్తున్నవు సుహాసినీ. మీ తాతకు తెలిస్తె కాళ్ళిరగ్గొడ్తడే."

"తెల్వదులే. ట్యూషన్ అని చెప్పిన."

మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ విన్నాను. మూడోసారి ప్రేమలత ఫోన్ మంచం మీద పెట్టేసింది.

"ఇంకోటి పెట్టు."

"అత్తా, సాలు."

"పెట్టు."

ఇరవై మూడు. చీకటి పడేదాకా అన్నీ విన్నాను. పెత్రమాస అమావాస్యకు ముందు, పిల్లలు ఊళ్ళో ఉన్నప్పుడు తీసినవి, ఆడవాళ్ళు బతుకమ్మ పూల మాట మాట్లాడుకుంటున్నారు. ఇరవై మూడింటిలో అడిగే గొంతు ఒక్కటే. అన్నిటి పక్కన గీత ఆకుపచ్చ.

అర్చన పక్కనే కూర్చుని ఉంటుంది. మాట్లాడి ఉండదు. అది సిగ్గరి. అలా కూడా జరుగుతుంది.


అక్టోబరు 17, శుక్రవారం

అలా జరగలేదు.

నాగేశ్‌కు ఫోన్ చేయించాను.

"నాగేశూ, నేను కిష్టమ్మను. అర్చన వాళ్ళవ్వను."

"ఓ, మమ్మల్నందర్ని ఉతికి ఆరేసిపోయిన అవ్వనా? చెప్పవ్వా."

"ఒకరు పెట్టిన ముక్కకు ఇంకొకరి రంగు పడ్తదా?"

"ఎందుకు పడదు? కాపీ చేసి కొత్త నోట్‌బుక్కుల పెడితే, పెట్టినోళ్ళ రంగే వస్తది. ఎవరు కష్టపడ్డరో దానికేం తెలుసవ్వా? ఎవరి వేలు నొక్కిందో గదే తెలుసు."

"గది నీకు ముందే తెలుసునా?"

"తెలుసు."

"మరి ఆ దినం నోట్లె ఏం పెట్టుకుని నిలబడ్డవురా?"

"నాయి నాలుగే క్లిప్పులవ్వా, గవి గుడ కొత్త దాంట్ల పెట్టినయే. అండ్ల ఒకటి చికెన్ బిర్యానీ ఎట్ల జేసుడో. పొరపాటున పడ్డది. నేను నోరు తెరిస్తె ఫస్టు నా పేరే పోతది."

థూ అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా అన్నాను. వాడిని కాదు.

మా దారం చేతిలో ఉండేది. కట్టాలంటే మొగ్గ దగ్గరికి పోవాలి, వంగాలి, గోరు పచ్చబడాలి. ఈ గీతకు వంగేది లేదు. కూర్చున్నచోట నొక్కితే ఒక చేనంతా దారం మారిపోతుంది. అయినా చూసిన వెంటనే నమ్మాను. ఇన్నేళ్ళు గుంపు నడిపినదాన్ని.


అక్టోబరు 18, శనివారం

దీపావళి సెలవుకు అర్చన వచ్చింది. చెప్పులు విప్పకముందే అడిగాను.

"ఎన్ని సాయంత్రాలు పోయినవే చేన్లకు?"

తల్లి వైపు చూసింది. ప్రేమలత పొయ్యి వైపు తిరిగింది.

"ఒక్కపారి," అన్నది.

"ఇరవై మూడు గొంతులున్నయి."

"సుహాసిని తీసింది. నేను ఒక్కపారే పోయిన. మొగ్గ ఏదో పువ్వేదో తెలుస్తలేదు నాకు. రంగమ్మోళ్ళు నవ్విన్రు. ‘కిష్టమ్మ మనవరాలికి మొగ్గ తెల్వదా’ అన్నరు. నువ్వే గదవ్వా నన్ను ఎన్నడు చేన్ల అడుగు పెట్టనియ్యలే. మల్ల పోబుద్ధి గాలే."

అది నిజం. దాని గోళ్ళు నల్లబడకూడదని నేనే పెట్టనివ్వలేదు.

"మరి రంగు?"

"జాగ నిండింది. ఇంక ఎక్కువ కావాలంటె పైసలు కట్టాలె. అందుకని కొత్తది తెరిచి అన్ని దాంట్లకు మార్చిన. అన్ని నా రంగుల పడ్డయి. నేను గట్ల అనుకోలే అవ్వా, ఒట్టు. తెల్లారి మేడం చూసి క్లాసుల ‘శభాష్ అర్చనా’ అన్నది. అందరు నా దిక్కు చూసిండ్రు. ఒక్క దినం ఊకున్న. తెల్లారి చెప్దామనుకున్న. చెప్పరాలే."

"నాకు ఫోన్ చేసి ఏడిస్తివి గదనే."

"భయానికి ఏడ్చిన."

"మేడం ముందల నీ నోరేమయింది?"

అది నా కళ్ళలోకి చూసింది. చిన్నప్పటి నుంచి అలా చూడలేదు.

"తెరిచిన గదవ్వా. నువ్వు చెప్పనిచ్చినవా?"

ఈ మాట రాస్తూ ప్రేమలత కూడా నన్ను చూసింది. చూడనీ.

సెలవు కాగానే మేడం దగ్గరికి పోయి ఉన్నది చెప్తానన్నాను. దాని పేరు కొట్టేయిస్తానన్నాను. అప్పుడు నోరు విప్పింది ప్రేమలత.

"అత్తా, కాళ్ళు మొక్కుత. ఇంట్లనే సర్దుకుందాం. పటేలోళ్ళ పిల్లకు ఇది కాకపోతె ఇంకోటి. నడిచేందుకు సాలు మీద సాలు ఉన్నది వాళ్ళకు. మన పిల్లకేమున్నది? దాని నాయన బెంగుళూరుల సిమెంటు మోస్తుండు. దొంగ అన్నంక కాలేజీల దాని మొకం ఎవరు చూస్తరు?"

అన్నీ నిజాలే అన్నది. అవి కూడా రాయమన్నాను. దొంగ అనే మాట దగ్గర ప్రేమలత పెన్నుకు మూత


అక్టోబరు 23, గురువారం

మూత పెట్టేసింది. నాలుగు రోజులు రాయనన్నది. పండుగ వచ్చి పోయింది. అర్చన హాస్టలుకు పోయింది. ఈ రోజు ప్రేమలత తానే పుస్తకం తీసి కూర్చుంది. ఎందుకని నేను అడగలేదు.

పొద్దున భీమన్న ఇంటికి పోయాను. ఇరవై రెండేళ్ళలో ఆ గేటు దాటింది లేదు. ఈ రోజు దాటాను.

భీమన్న అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. పేపరు మడిచాడు.

"ఏమే కిష్టమ్మా, మా పిల్లను నలుగుర్ల నిలబెట్టి కడిగితివి. ఇంకేం మిగిలిందని వచ్చినవు?"

"నీతోటి పని లేదు పటేలా. పిల్లతోటి మాట్లాడాలె."

"నాతోటి చెప్పు. నేను చచ్చిన్నా?"

"తప్పు నాది. అన్నది నేను. పడ్డది ఆ పిల్ల. నువ్వు నడుమల ఎవరు?"

"నా ఇంట్ల నిలబడి నన్నే నువ్వెవరంటున్నవా!"

ఆ పిల్ల చేనుకు పోయిందని, నీ కూలీల పక్కన బురదలో కూర్చుందని, ట్యూషన్ అబద్ధమని నాలుక కొస దాకా వచ్చింది. అంటే ఆయన మొహం చూడటానికి బాగుండేది. మింగేశాను. ఆ గుట్టు నాది కాదు.

చప్పుడు విని సుహాసిని బయటికి వచ్చింది. నాకు కూర్చోవడానికి పీట తెచ్చింది. నేను కూర్చోలేదు.

"గొంతులిన్న బిడ్డా. అన్ని ఇన్న. నేనన్నది తప్పు," అన్నాను.

"గీడ చెప్తె ఏమొస్తదవ్వా? ఆడ నలుగుర్ల అన్నవు. ఆడనే చెప్పు."

"చెప్త. అర్చనను గుడ రెక్క పట్టి గుంజుకొస్త."

"గుంజుకరాకు. వస్తే రానీ."

అంత చిన్న పిల్ల. ఆ మాట నాకు తట్టలేదు.

"ఆడా లేదు, ఈడా లేదు. సదువు బంద్ అని చెప్పిన గద," అన్నాడు భీమన్న.

"ఒక్కనాడు తాతా. మాట పడ్డది నేను. ఇడిపించుకునేటందుకు గుడ నేనే పోవాలె."

ఆయన పేపరు చంకన పెట్టుకుని లోపలికి పోయాడు. వద్దని మాత్రం అనలేదు.


అక్టోబరు 27, సోమవారం

మళ్ళీ మూడు బస్సులు. సుహాసిని కూడా అవే బస్సుల్లో ఉంది. ముందు సీటులో కూర్చుంది. నేను వెనుక కూర్చున్నాను. వనపర్తిలో దిగాక కాలేజీ దాకా నా నడకకు తగ్గట్టు నడిచింది, అంతే.

అర్చనకు నేను ఫోన్ చేయలేదు. ప్రేమలత చేసిందేమో. చేసిందా అని ఇప్పుడు అడిగితే తల దించుకుని రాస్తోంది.

అదే గది. నాగేశ్‌ను పిలిపించమన్నాను. వచ్చాడు, ఈసారి పళ్ళు కనబడలేదు. ప్రేమలత ఫోన్ బల్ల మీద పెట్టి, రంగమ్మ గొంతు ఉన్న ముక్క పెట్టమన్నాను. సుహాసినే పెట్టింది. ఎన్మిది దినాల సంది వస్తున్నవు సుహాసినీ. మేడం చేయి కాగితాల మీద ఆగిపోయింది.

"మేడం, ఆ దినం ఈ పిల్లను నేను దొంగన్న. దొంగది నా ఇంటిది," అన్నాను. "ఈ పిల్ల పేరు ఎక్కియ్యి. నా మనవరాలి పేరు కొట్టెయ్యి."

"పెద్దమ్మా, ఇదంతా మీరు ముందే చెప్తే..."

"నేను చెప్పేదేంది? ఇరవై మూడు గొంతులున్నయి. ఒక్కటన్న విన్నవా నువ్వు? నాకైతె సదువు రాదు, రంగు చూసి మురిసిపోయిన. నీకు సదువొస్తది, నువ్వు గుడ రంగే చూసినవు."

మేడం మొహం కందిపోయింది. మంచిదే. అనేశాక గుర్తొచ్చింది, ఆమె నా మాట మీదే గీత గీసింది.

అప్పుడు చూశాను, తలుపు దగ్గర అర్చన ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు.

"ఒక్క సాయంత్రమే పోయిన మేడం నేను," అన్నది. "మిగిలినయన్ని సుహాసినియే. నేను మార్చిన. తెలిసి ఊకున్న."

ఏడవలేదు. నేనూ ఈసారి మధ్యలో పోలేదు. పోకుండా ఉండటానికి కర్రను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

మేడం ఒక కాగితం రాసి చదివి వినిపించింది. దాని కింద నేను వేలిముద్ర వేశాను. సుహాసిని పేరు ఎక్కింది. అర్చన పేరు పోయింది. నాగేశ్ పేరు గురించి మేడం వాడినే అడిగింది. వాడు బిర్యానీ సంగతి చెప్పి, తనది కూడా తీసేయమన్నాడు. ఎవరూ నవ్వలేదు.

వరండాలో అర్చన సుహాసిని ఎదురుగా నిలబడింది. ఏదో అనబోయింది. సుహాసిని ఆగింది, విందామన్నట్టే ఆగింది. అర్చన తల దించుకుని చున్నీ కొస మెలిపెట్టింది.

"బస్సుకు యాళ్లయితుందవ్వా," అన్నది సుహాసిని నాతో. పోయాం.

ఇంటికి వచ్చేసరికి తేలికవుతుందనుకున్నాను. కాలేదు. నోరంతా వేపాకు నమిలినట్టుంది. అన్నం ముందు కూర్చుని లేచాను. నన్ను చూస్తే నాకే రోత. ఎవరో పెద్ద మనిషి ఎవరినో అణిచేస్తే పోయి అరిచే నోరు నాది అనుకునేదాన్ని. ఆ నోటితోనే ఒక పిల్లను చదువు మాన్పించాను.

భీమన్న మళ్ళీ పంపిస్తాడో లేదో ఇంకా తెలియదు.


అక్టోబరు 30, గురువారం

సుహాసిని పొద్దున బస్సులో వనపర్తి పోయిందట. పెద్ద బ్యాగుతో. ప్రేమలత చూసి వచ్చి చెప్పింది. రేపు పేర్లు హైదరాబాదుకు పోతాయి.


నవంబరు 2, ఆదివారం

అర్చన నిన్న వచ్చింది. ఆ సోమవారం నుంచి నాతో మాట లేదు. వచ్చాక కూడా లేదు. క్లాసులో దాని పక్కన ఎవరూ కూర్చోవడం లేదని తల్లితో చెప్తుంటే విన్నాను. నేను దాన్ని ఓదార్చలేదు.

ప్రేమలత ప్రార్థనకు పోయింది. నేను పుస్తకం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. అర్చన చాలాసేపు గడప మీద ఉండి, వచ్చి పెన్ను తీసుకుంది.

"నేను రాస్త, చెప్పవ్వా."

"నీ గురించే చెప్త."

"చెప్పు."

రాయి అన్నాను. నా మనవరాలు అర్చన ఒకరి కష్టానికి తన రంగు వేసుకుంది. నేను మూడు బస్సులెక్కి పోయి దానికి సాక్ష్యం చెప్పాను. అది నోరు తెరిస్తే మూయించాను. ఇద్దరం కలిసి చేసిన దొంగతనం ఇది. ఇందులో ఎవరి వంతు ఎంతో నేను పంచను.

పెన్ను చప్పుడు వింటూ కూర్చున్నాను. ఎక్కడా ఆగలేదు.

"సదువు."

చదివింది. చెప్పింది చెప్పినట్టే ఉంది. కానీ రాయని మాటను కూడా ఉన్నట్టే చదవవచ్చు. నాకు ఎట్లా తెలుస్తుంది?

"నమ్మకుంటె ఎవరితోనన్న సదివించుకో అవ్వా," అన్నది, నా మొహం చూసి.

"ఎవరికీ సూపియ్య. గిది నా పుస్తకం."

"మరి?"

ఆ పేజీని చాలాసేపు చూశాను. నల్లటి చీమల బారులు. ఒకటే సిరా, ఒకటే రంగు. అందులో దొంగతనం అనే మాట ఉందో లేదో అర్చనకు తెలుసు, నాకు తెలియదు.

వచ్చే ఆదివారం కూడా నువ్వే రాయి అన్నాను. ఇది కూడా రాయి అన్నాను. రాశానంది.